కీళ్ళవాతం చూసే రుమటాలజిస్టుకి రిఫరల్ కోసం ఆరు నెలలుగా తిరుగుతున్నా... ఇంకా ఆగాలా, బయట చూపించుకోవాలా?

మగ్గం_అక్క (మల్కాజ్‌గిరి)

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఇది కూడా ఫోన్ మైకులో చెప్పి రాయిస్తున్నా, వేళ్ళు టైపింగుకి సహకరించట్లేదు.

నాకు 43. ఇంట్లో మగ్గం వర్క్ చేస్తాను. మా ఆయన ఒక ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేస్తారు, పేరు వద్దులెండి, ఆయన ఉద్యోగం ఆయనకి ఉండాలి. కుటుంబం మొత్తానికి వైద్యం కంపెనీదే. ముందు డిస్పెన్సరీ, అక్కణ్ణుంచి కంపెనీ ఆసుపత్రి, వాళ్ళవల్ల కాకపోతే రిఫరల్ రాసి ప్యానెల్ ఆసుపత్రికి, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న బయటి ఆసుపత్రికి, పంపుతారు. ఇన్నేళ్ళూ మాకు దగ్గులు, జ్వరాలు, పిల్లాడికి ఒకసారి చెయ్యి విరగడం తప్ప పెద్దగా పని పడలేదు కాబట్టి ఈ పద్ధతి ఎంత బాగుందో అనుకునేదాన్ని.

ఫిబ్రవరిలో మొదలైంది. పొద్దున లేస్తే పిడికిలి ముడవలేను. పాలపాకెట్టు కత్తిరించడానికి కూడా మా అమ్మాయిని లేపాల్సిందే. పది దాటాక కాస్త వదులవుతాయి, మళ్ళీ రాత్రికి మణికట్లు సలుపు. మార్చిలో ఉంగరం వేలికి బిగుసుకుపోతే సబ్బు రాసినా నూనె రాసినా రాలేదు, చివరికి కంసాలి దగ్గర కోయించుకున్నా. పెళ్ళి ఉంగరం అది.

డిస్పెన్సరీ డాక్టరమ్మ మంచావిడే, కాకపోతే బయట అరవై మంది లైనులో ఉంటే ఆవిడ మాత్రం ఎంతసేపు చూస్తుంది. ఈ వయసులో మామూలేనమ్మా అని క్యాల్షియం, డి విటమిన్, నొప్పి మాత్ర ఇచ్చి నెల తర్వాత రమ్మంది. నెల తర్వాత రక్తపరీక్షలు రాసింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్ 68 వచ్చింది, కీళ్ళవాతానికి చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్. అప్పుడు కంపెనీ ఆసుపత్రికి రాసింది, కానీ చీటీ మీద "కీళ్ళ నొప్పులు, ఆర్థో" అని రాసింది. అక్కడే తిరిగింది కథ.

ఆర్థో డాక్టరు దొరకడానికి మూడు వారాలు. ఆయన రెండు నిమిషాల్లో చూసి "ఇది నా కేసు కాదమ్మా, రుమటాలజీ వాళ్ళు చూడాలి" అని రాశారు. ఆ కాగితం పట్టుకుని రిఫరల్ సెక్షన్‌కి వెళ్తే, ఆర్థో నేరుగా బయటికి రాయకూడదు, ఫిజీషియన్ రాయాలి అన్నారు. ఫిజీషియన్ వారానికి రెండురోజులే వస్తారు, మంగళ, శుక్ర. నేను వెళ్ళిన వారం లీవు. తర్వాతి వారం రాశారు. దాని మీద సూపరింటెండెంట్ సంతకం కావాలి. సంతకం అయ్యేసరికి జూన్ అయిపోయింది. అప్పుడు చెప్పారు, ప్యానెల్‌లో రుమటాలజీ ఉన్న ఆసుపత్రితో ఒప్పందం గడువు అయిపోయింది, రెన్యువల్ ప్రాసెస్‌లో ఉంది, వచ్చే నెల కనుక్కోండి అని. వచ్చే నెల కూడా అయిపోయింది. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉందమ్మా." ఎవరూ కసురుకోరు, అందరూ అమ్మా అనే అంటారు, నాకు అదే ఇంకా మండుతోంది.

ఈసారి లష్కర్ బోనాలకి బోనం మా ఆడపడుచు ఎత్తింది, నేను పక్కన నడిచా. శ్రావణం ఆర్డర్లన్నీ వదులుకున్నా. వరలక్ష్మీ వ్రతానికి కట్టుకుంటామని ఇచ్చిన పదకొండు బ్లౌజులు, సగం చేసినవి కూడా, వేరే ఆవిడకి ఇచ్చేశాను. ఆరి సూది పట్టుకుంటే రెండు నిమిషాల్లో జారిపోతోంది.

అడగాలనుకున్నవి రెండు. ఇంకా ఆగితే చేతులకి నష్టమా, లేక నేనే ఎక్కువ భయపడుతున్నానా? రెండోది, డబ్బు పెట్టుకుని బయట చూపించుకుంటే రేపు కంపెనీ వాళ్ళు "మీరు ముందే బయట మొదలుపెట్టారు కదా" అని రిఫరల్ ఎగ్గొడతారా? మా ఆయన భయం ఇదే.

హైటెక్_హరి

అసలు ఈ రిఫరల్ గోలెందుకండీ? హైదరాబాద్‌లో ఉండి స్పెషలిస్టు కోసం ఆరు నెలలా? యాప్‌లో బుక్ చేస్తే సాయంత్రానికి అపాయింట్‌మెంట్. ఫ్రీ కోసం చూస్తే ఇలాగే ఉంటుంది.

మగ్గం_అక్క

అన్నా, ఒక్క రోజు ఫీజు గురించి అయితే ఫిబ్రవరిలోనే వెళ్ళేదాన్ని. ఇది నిజంగా ఆర్‌ఏ (రుమటాయిడ్ కీళ్ళవాతం) అయితే ఏళ్ళ తరబడి మందులు, రెండు మూడు నెలలకోసారి టెస్టులు అంటున్నారు. ఇంట్లో సగం సంపాదన నా చేతులది, అది ఆగిపోయింది. ఇక ఫ్రీ అంటారా, మా ఆయన ఇరవై ఏళ్ళ చాకిరీలో భాగం అది, ఎవరూ దానం చేయట్లేదు.

కేపీహెచ్‌బీ_సరళ

అక్కా, ఉంగరం కోయించుకున్నా అని చదవగానే నా కడుపులో దేవేసింది. నాదీ అలాగే కోశారు. నాకు ఆర్‌ఏ వచ్చి ఆరేళ్ళు. మీరు ఎక్కువ భయపడట్లేదు, నిజానికి తక్కువ భయపడుతున్నారు.

నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నా, అదీ ఎవరి వల్లా కాదు, నా తెలివితక్కువతనం వల్లే. ఒకరు ఆకు పసరు అన్నారు, ఒకరు ఏదో పొడి ఇచ్చారు, ఆ పొడి వేసుకుంటే మూడురోజుల్లో లేచి తిరిగేదాన్ని, అబ్బ ఏం మందు అనుకున్నా. మొహం ఉబ్బాక తెలిసింది అందులో స్టెరాయిడ్ కలిపారని. ఇప్పుడు మందులతో బాగానే ఉన్నా, రోజూ చపాతీలు చేస్తా, స్కూటీ నడుపుతా, కానీ కుడిచేతి రెండు వేళ్ళు వంకర పోయినవి పోయినట్టే. మందు వాపుని ఆపుతుంది కానీ అరిగిన ఎముకని తిరిగి తేదు.

నా మాట వింటే, అప్పో సప్పో చేసి ఒక్కసారి రుమటాలజిస్టుకి చూపించుకోండి. కంపెనీతో కొట్లాట దాని దారి దానిది. రెండూ ఒకేసారి నడపొచ్చు. మీ ఆయన్ని ఒకసారి పొద్దున ఆరింటికి మీ చెయ్యి పట్టుకుని చూడమనండి.

డ్యూటీరూమ్

నేను మెడిసిన్ పీజీ చేస్తున్నా, రుమటాలజిస్టుని కాను, అక్కని చూడకుండా జబ్బు ఇదీ అని చెప్పను కూడా. కాకపోతే పొద్దున గంటకి పైగా బిగుసుకుపోవడం, రెండు చేతుల చిన్న కీళ్ళు వాయడం, ఆరు వారాలు దాటడం, పైగా ఆ రిపోర్టులు, ఇవన్నీ కలిపి చూస్తే త్వరగా పంపాల్సిన కేసే. కీళ్ళవాపు మొదలైన ఆరు వారాల్లో రుమటాలజిస్టు చూడాలని, అది ముదిరే రకం అనిపిస్తే మూడు నెలల్లోపు అసలు మందు మొదలవ్వాలని యూరప్ రుమటాలజిస్టుల సంఘం యూలార్ సిఫారసు. మీరు ఆ రెండు గడువులూ దాటేశారు. ఇప్పుడు మొదలుపెట్టినా లాభం లేదని కాదు, ఇంకో నెల ఊరికే పోనివ్వొద్దని.

ఆర్థోకి పంపడం గురించి ఒక్కమాట. మనవాళ్ళకి కీళ్ళ డాక్టరు అంటే ఎముకల డాక్టరే. ఆర్థో ప్రధానంగా ఆపరేషన్ విద్య. రుమటాలజీ మెడిసిన్‌లో శాఖ, ఎండీ తర్వాత మళ్ళీ మూడేళ్ళు డీఎం చదవాలి, అందుకే ఆ డాక్టర్లు తక్కువ, ఉన్నవాళ్ళూ పెద్ద ఊళ్ళలోనే. డిస్పెన్సరీ మేడమ్‌ని మరీ తప్పుపట్టకండి, ఆవిడ టెస్టులు రాసింది కాబట్టే ఇవాళ మీ చేతిలో కాగితం ఉంది. నొప్పి మాత్రతోనే మూడేళ్ళు గడిపేసి వచ్చేవాళ్ళని వారానికి ఇద్దరినైనా చూస్తాం.

వెళ్ళేటప్పుడు ఇవి చేయండి. పొద్దున లేవగానే వాచిన వేళ్ళ ఫొటోలు తీసి పెట్టుకోండి, ఎందుకంటే మీ వంతు వచ్చే పన్నెండింటికి వాపు తగ్గి ఉంటుంది, డాక్టరు ఏముందమ్మా అంటారు. బిగుసుకుపోవడం రోజుకి ఎంతసేపు ఉంటోందో క్యాలెండర్ మీద నిమిషాల్లో రాయండి. ఆర్‌ఏని పట్టిచ్చే యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష, రెండు చేతుల ఎక్స్‌రే అడుగుతారు, ఇంకా చేయించకపోతే వాళ్ళు రాసేదాకా ఆగండి, రెండుసార్లు డబ్బు ఎందుకు. ఈ ఏడాది చికున్‌గున్యా లాంటి జ్వరం వచ్చిందేమో గుర్తు చేసుకుని చెప్పండి, దాని తర్వాత కూడా కీళ్ళు నెలల తరబడి పట్టేస్తాయి.

దయచేసి మెడికల్ షాపువాడు ఇచ్చే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మింగకండి. సరళగారి పొడి కథ అదే. ఇంకొకటి, రేపు ఆర్‌ఏకి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర రాస్తే అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ఐసీయూలో తేలిన పేషెంటుని చూశాను, అందుకే అడగకపోయినా చెబుతున్నా.

ఇర్రంమంజిల్_రోజూ

బయట అంటే కార్పొరేటే అని ఎందుకనుకుంటున్నారు అందరూ? పంజాగుట్టలో ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌లో రుమటాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది. మా అమ్మకి లూపస్, అదీ రుమటాలజీ వాళ్ళు చూసే జబ్బే, నాలుగేళ్ళుగా అక్కడే. మా తాత ఇప్పటికీ దాన్ని ఎముకల ఆసుపత్రి అనే అంటాడు, ఎందుకంటే అది మొదట నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గానే పుట్టింది. అంటే చూడక్కా, మీ డిస్పెన్సరీ ఆవిడ ఆర్థో అని రాసినా, మీరు తేలేది మాత్రం పాత ఆర్థో ఆసుపత్రిలోనే!

జర పొద్దున్నే వెళ్ళాలి. రోజంతా పోతుంది, అబద్ధం చెప్పను. ఓపీ కార్డుకి ఒక లైను, డాక్టరు దగ్గర ఒక లైను, రక్తానికి ఒక లైను. మొదటిసారి ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి, మీరు కూర్చుంటే వాళ్ళు నిలబడతారు. బస్సయితే మీకు జీరో టికెట్టే కానీ ఆ వేళకి పంజాగుట్ట ట్రాఫిక్‌లో కీళ్ళతో నిలబడలేరు, మెట్రోలో వచ్చి ఇర్రంమంజిల్‌లో దిగండి. చేతిలో ఫైలు లావుగా ఉండాలి. పాత చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టుకెళ్తే పీజీ డాక్టర్లు ఎంత సంతోషిస్తారో, మా అమ్మ ఫైలు చూసి ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది.

రోజు ఏ రోజో ముందు కనుక్కుని వెళ్ళండి. నేను మొదటిసారి ఆ పని చేయక ఉత్తచేతుల్తో తిరిగొచ్చా.

పాతఫైలు

అమ్మా, నేను ఇంకో సంస్థలో మెడికల్ సెక్షన్‌లోనే 22 ఏళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరైనవాణ్ణి. మీ రెండో ప్రశ్నకి నేను చెబుతాను. అవతలి కుర్చీలో కూర్చున్నవాణ్ణే కాబట్టి తిట్టుకుంటే తిట్టుకోండి.

మీ ఫారం ఎవరూ ఆపలేదు. అదే అసలు గొడవ. ఆపితే ఎవరో ఒకరు కారణం రాయాలి. ప్రాసెస్‌లో ఉంది అంటే ఒక బల్ల మీద నుంచి లేచింది, రెండో బల్ల మీద ఇంకా కూర్చోలేదు అని. నోటిమాటగా అడిగినన్నాళ్ళు నోటిమాటే జవాబు వస్తుంది. మీరు ఇప్పటిదాకా ఒక్క ఉత్తరమైనా ఇచ్చారా? ఇచ్చి ఉంటే, అందినట్టు ఆఫీసు రిజిస్టర్‌లో వేసే ఇన్‌వర్డ్ నంబరు ఉందా? లేకపోతే ఆఫీసు దృష్టిలో మీరు ఆరు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు.

ఒక్క పేజీ రాయండి. మీరు కాదు, మీ ఆయన రాయాలి, ఉద్యోగి ఆయన, మీరు డిపెండెంట్. మీద స్టాఫ్ నంబరు, మెడికల్ కార్డు నంబరు. కింద తేదీలు మాత్రమే, ఏ రోజు ఎవరు చూశారు, ఏం రాశారు. ఉంగరం సంగతి, బోనాల సంగతి అందులో వద్దమ్మా, అవి ఇక్కడ మాకు చెప్పారు, మాకు అర్థమైంది, ఫైలుకి అర్థం కాదు. ఫిజీషియన్ రాసిన రుమటాలజీ సిఫారసు జిరాక్సు జతచేయండి. చివర్లో అడగాల్సింది ఇదీ: ప్యానెల్‌లో ఇప్పుడు రుమటాలజీ సౌకర్యం లేనందున ప్యానెల్ బయట, లేదా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోడానికి అనుమతి ఇవ్వండి, అయిన ఖర్చు నిబంధనల ప్రకారం తిరిగి ఇప్పించండి. ఆ తర్వాత ఇంకో వాక్యం, ఇది మర్చిపోవద్దు: "అనుమతి ఇవ్వడం కుదరని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలుపగలరు." నా సర్వీసులో ఆ వాక్యం కదిలించినన్ని ఫైళ్ళు ఎమ్మెల్యేల ఫోన్లు కదిలించలేదు. కుదరదు అని కాగితం మీద రాసి సంతకం పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు.

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు, నంబరు, తేదీ వేయించుకోండి. వేయనంటే రిజిస్టర్డ్ పోస్టు. యూనియన్‌లో వెల్ఫేర్ చూసే మనిషికి ఒక కాపీ. పదిరోజులు చూసి కదలకపోతే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయితే సీపీగ్రామ్స్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి, అక్కడ ఫిర్యాదు తేల్చడానికి 21 రోజుల గడువు పెట్టుకున్నారు. సమాచార హక్కు కింద మీ ఫైలు మీద ఎవరు ఏ తేదీన ఏం రాశారో నోటింగ్స్‌తో సహా కాపీ అడగొచ్చు, పదిరూపాయల ఫీజు, 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిందయితే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది కానీ కీళ్ళకి దాన్ని ఒప్పుకుంటారని నేను అనుకోను.

ఇక మీ ఆయన భయం. ముందే బయట చూపించుకున్నారని అడ్డం పెట్టేవాళ్ళు ఉంటారు, నేనే ఒకప్పుడు అలాంటి నోట్లు పెట్టాను, దాచను. అందుకే ఉత్తరం ముందు, ఆసుపత్రి తర్వాత. ఉత్తరం ఇచ్చిన తేదీ కంటే ఓపీ చీటీ తేదీ ఒక్కరోజు తర్వాతది అయినా చాలు, మేము అడిగాం, మీరు పలకలేదు, ఆరోగ్యం ఆగలేదు అని చెప్పుకోడానికి. బిల్లు వస్తుందో రాదో నేను హామీ ఇవ్వలేను, ప్రతి సంస్థ రూలు పుస్తకం వేరు. మందుల షాపు బిల్లు మీద డాక్టరు పేరు, పేషెంటు పేరు ఉండేలా చూసుకోండి, చాలామందికి అక్కడే కోత పడుతుంది.

హైటెక్_హరి

అక్కా, పొద్దున కొంచెం దురుసుగా రాశాను. ఏమనుకోకండి. మా నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్, ఆయనకి 70 దాటాయి కాబట్టి రిఫరల్ లేకుండానే ప్యానెల్ ఆసుపత్రిలో స్పెషలిస్టుని చూసేస్తారు, అన్ని చోట్లా అంతే అనుకున్నా. ఉత్తరం టైప్ చేయడానికి ఇబ్బందయితే తేదీలు మెసేజ్ పెట్టండి, నేను చేసి పంపుతా.

మగ్గం_అక్క

అన్నా, సంతోషం. పంపిస్తా. మా ఆయన సంతకానికి జంకుతున్నారు, పైవాళ్ళు ఏమనుకుంటారో అని. పాతఫైలు గారు రాసింది చదివి వినిపించాను. అందులో ఫిర్యాదు ఎక్కడుంది, తేదీలే కదా అన్నాక మెత్తబడ్డారు.

మగ్గం_అక్క (పద్దెనిమిది రోజుల తర్వాత)

అడిగినవాళ్ళకి, మెసేజులు పెట్టినవాళ్ళకి ఒకేసారి చెబుతున్నా.

హరి తమ్ముడు టైప్ చేసిచ్చాడు. సోమవారం ఇన్‌వర్డ్‌లో స్టాంపు వేయించాం. బుధవారం నిమ్స్‌కి వెళ్ళాం, మా అమ్మాయి కాలేజీ మానేసి తోడొచ్చింది. పొద్దున ఆరున్నరకి బయల్దేరితే ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగు. ఫొటోలు నిజంగానే పనికొచ్చాయి, డాక్టరుగారు ఫోన్ తీసుకుని పెద్దది చేసి మరీ చూశారు. ఆరు నెలల్లో నా వేళ్ళని ఒక్కో కణుపూ నొక్కి చూసిన మొదటి మనిషి ఆయన. నొక్కుతున్నంతసేపూ ప్రాణం పోయింది, అయినా బయటికొచ్చి ఏడిస్తే అది నొప్పికి కాదు.

యాంటీ సీసీపీ బాగా ఎక్కువ వచ్చింది. ఎక్స్‌రేలో ఎడమచేతి రెండు కణుపుల దగ్గర అంచు కొరికినట్టు మొదలైందన్నారు. ఫిబ్రవరిలో వచ్చి ఉంటే ఇది ఉండేదా అని అడిగాను. ఆయన సూటిగా చెప్పలేదు, ఇప్పుడైనా వచ్చారు కదా అన్నారు. వారానికోసారి వేసుకునే మాత్ర ఇచ్చారు, ఆదివారం వేసుకుంటున్నా, మా అమ్మాయి క్యాలెండర్ మీద ఆదివారాలన్నిటికీ ఎర్ర సున్నా చుట్టింది. లివర్ టెస్టుకి మళ్ళీ రమ్మన్నారు. ఇంకా పెద్ద తేడా లేదు, మందు పనిచేయడానికి వారాలు పడుతుందట. పాలపాకెట్టు మాత్రం నిన్న నేనే కట్ చేశా.

కంపెనీ సంగతి. స్టాంపు పడిన నాలుగో రోజే వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేశారు, పాతఫైలు గారూ, మీకు దండం. అనుమతి ఉత్తరం నిన్న చేతికొచ్చింది. ప్యానెల్ బయట చూపించుకోవచ్చు, మూడు నెలలకి. అంతా బాగుంది, విభాగం అన్నచోట మాత్రం "ఆర్థోపెడిక్స్" అని టైప్ చేశారు.

కేపీహెచ్‌బీ_సరళ

నవ్వాలో ఏడవాలో తెలియట్లేదక్కా. ఆదివారం మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి, నాకు పగలు వేసుకుంటే వికారంగా ఉండేది. వాళ్ళు ఫోలిక్ యాసిడ్ రాసుంటే అది మానకండి.

పాతఫైలు

అమ్మా, దిద్దించడానికి కొత్త అప్లికేషన్ మాత్రం పెట్టకండి, పెడితే మళ్ళీ మొదటి బల్ల నుంచి మొదలు. పాత ఇన్‌వర్డ్ నంబరు వేసి, టైపింగ్ పొరపాటు సవరించగలరు అని రెండు లైన్లు, ఫిజీషియన్ సిఫారసు జిరాక్సు మళ్ళీ జత. టైప్ చేసినవాడి దగ్గరికే నేరుగా వెళ్ళండి, మధ్యాహ్నం భోజనాల తర్వాత కాదు, పొద్దున పదిన్నరకి. ఈ తప్పు ఉత్తరం అసలు కాపీ వాళ్ళకి ఇచ్చేముందు ఒక జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి.